హెల్ప్ అడిగినోళ్ళ లిస్టు

నూలుమిల్లు మేనేజరు చూపించిన లిస్టులో చిత్ర పేరు నలభైమూడుసార్లు ఉంది.

"కంప్యూటర్‌ను ఇన్నిసార్లు హెల్ప్ అడిగినావు. నిన్నెట్ల పర్మనెంటు చేసేదమ్మా?"

ఆ కంప్యూటర్ ప్రోగ్రాము రాసిందీ, ఆమెకు పని నేర్పిందీ అరవిందనే. నేరుగా అతని టేబులు దగ్గరికి పోయింది.

"కమాండు మరిచిపోతే హెల్ప్ అని కొట్టు, ఎవరికీ తెలీదు అంటివే అన్నా!"

"ఎవరెవరు అడిగేదీ ప్రోగ్రాములో రాసిపెట్టమని మేనేజరు చెప్పినాడు. నేనేం చేసేది?"

"నా పక్కన కూర్చొని నువ్వూ రోజూ కొడతావే. లిస్టులో నీ పేరేది?"

అరవిందన్ టీ గ్లాసులోకి చూసినాడు.

"నా పేరు మాత్రం రాకుండా మొదట్లోనే చేసుకున్నా."



"అన్నీ నేర్పిస్తివి. ఇదొక్కటి నేర్పీలేదే అన్నా."