ఆదివారపు అరగంట

కుడి మణికట్టు విరిగి, కట్టుతో ఇంటికి వచ్చిన రోజున భర్త ఆమెతో, "ఎడం చెయ్యి బాగానే ఉందిగా, కాఫీ పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

ఎముకలు గుల్లబారాయని డాక్టరమ్మ వారానికో మాత్ర రాసింది. ఆదివారం పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా నీళ్లతో మింగాలి. ఆ తర్వాత అరగంట పడుకోకూడదు, వంగకూడదు, ఏమీ తినకూడదు. లేకపోతే గొంతు పుండవుతుంది.

ఆ అరగంటా ఆమె వంటింటికి ఎదురుగా కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చునేది. లోపల ఆయన పాలు పొంగించి, చెయ్యి కాల్చుకుని, గిన్నెల మీద విసుక్కునేవాడు.

"పంచదార ఎక్కడ చచ్చిందే?"

"కింది అరలో ఉందండీ. నేను వంగకూడదుగా, డాక్టరమ్మ తిడుతుంది."

ఆయన తిప్పలు చూస్తుంటే ఆమె కడుపు చల్లబడేది. ఐదేళ్లలో ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఈ రోజు పరీక్షలు చూసి డాక్టరమ్మ సంతోషపడింది. "ఎముకలు గట్టిపడ్డాయమ్మా. ఆపకుండా వాడుతూ పోతే దవడకీ, తొడ ఎముకకీ ప్రమాదం రావచ్చు. ప్రస్తుతానికి మాత్ర మానేయండి."

ఆమె మొహం వాడిపోయింది. కాసేపు ఆలోచించి అడిగింది.

"పొద్దున్నే ఉత్త మంచినీళ్లు తాగొచ్చాండీ?"

"నిక్షేపంగా తాగండి."

బయట బల్ల మీద కూర్చున్న భర్త గబుక్కున లేచాడు. "ఏమందే? ఆపేయమందా?"

"ఎక్కడండీ!" అని ఆమె నిట్టూర్చింది. "ఇక నుంచి రోజూ వేసుకోవాలట."