అన్నంత పనీ

భార్యను జుట్టు పట్టి ఈడ్చి గోడకేసి కొట్టాడతను. పెదవి చిట్లి హోటల్ దుప్పటి మీద నెత్తురు పడింది.

"కింద ఆ వంటవాడితో ఇకఇకలేంటే?"

"సూప్ బాగుందన్నాను, అంతే."

"బాగుందో లేదో చెప్పడానికి నేనున్నాగా!"

దేశదేశాల హోటళ్ల గురించి పత్రికలకు రాయడమే అతని పని. మళ్లీ చెయ్యెత్తేసరికి ఎవరో తలుపు తట్టారు.

"గదులు తుడిచేదాన్నండీ. లోపల అంతా బానే ఉందాండీ?"

"ఏమీ అక్కర్లేదు, పో!" అంటూ భార్య నోరు నొక్కేశాడు.

తలుపు మళ్లీ మోగింది.

"అమ్మగారి నోట వింటేనే పోతానండీ."

అతని వెంట పద్దెనిమిది దేశాలు తిరిగిందామె. ఎక్కడా ఎవరూ రెండోసారి తట్టలేదు. హోటల్ గోడలు మందం, తన ఏడుపు బయటికి పోదని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది.

వినపడుతూనే ఉందన్నమాట.

అతని అరచేతిని కసిదీరా కొరికింది. అతను పొట్టలో తన్నాడు.

"ఉండక్కా, వస్తున్నా!" అని అరిచి, పాకుతూనే వెళ్లి గొళ్లెం తీసింది.

నెరిసిన జుట్టావిడ తుడుపుకర్ర ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"నా వెనక్కి రండమ్మా. అయ్యగారూ, మీరు గడప దాటారంటే తల పగలగొడతా."

అతను దాటాడు.

ఆవిడ అన్నంత పనీ చేసింది.