రబ్బర్లు వేయని బండి

గొలుసుకు వేలాడుతూ డీజిల్ ఇంజను ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు ముక్కులోకి దిగుతుంటే, షెడ్డుకొచ్చిన పాత కార్ల క్లబ్బు పెద్దమనుషులు ముగ్గురూ శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు.

"తుక్కు వ్యాను ఇంజను!" అన్నాడు క్లబ్బు పెద్దాయన. "మీ నాన్న చూస్తే ఏమైపోయేవాడమ్మా? అసలు ఇంజను నడుస్తుంటే, పైన నిండు గ్లాసు పెట్టినా చుక్క తొణికేది కాదు. అంత మెత్తన!"

"అదే దాని రోగం," అందామె, ఆయన పెదాల మీంచి చూపు తీయకుండా చేతుల గ్రీజు ప్యాంటుకు తుడుచుకుంటూ.

వెనకనుంచి వాళ్లలో ఒకడు ఏదో గొణిగాడు. ఆమె తిరగలేదు. "చూశారా పొగరు!" అన్నాడు ఈసారి గట్టిగా. దానికీ తిరగలేదు. తమ్ముడు భుజం తట్టి అటు చూపించాక, స్పానరుతో సహా వెళ్లి వాడి ఎదురుగా నిలబడింది.

"ఏమన్నా అనాలంటే నా మొహం మీద అను. నా వీపుతో మాట్లాడితే జవాబు రాదు."

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అసలు ఇంజను లేని బండికి మా పాత కార్ల ఊరేగింపులో చోటు లేదు," అన్నాడు పెద్దాయన. "క్లబ్బులోంచి తీసేస్తాం."

"తీసేసుకోండి. రోడ్డు మీ క్లబ్బుది కాదుగా."

తమ్ముడు ముందుకొచ్చాడు. "అక్కా, మొండికెయ్యకు. పాత ఇంజనే మళ్లీ బిగిద్దాం. బండి నేను నడుపుతా. నువ్వు దర్జాగా పక్కన కూర్చో."

"నాన్న నా చేతిలో తాళం పెట్టింది పక్కన కూర్చోమని కాదురా."

"మరి నడుస్తున్న ఇంజనుకి మళ్లీ మళ్లీ తాళం తిప్పి స్టార్టరు కాల్చిందెవరు? నేనా?"

ఆమె మొహం ఎర్రబడింది. బోల్టులు బిగించడం మొదలుపెట్టింది.

పెద్దాయన వంగి చూసి అదిరిపడ్డాడు. ఇంజను కింద రబ్బరు దిమ్మలు లేవు. ఇనుము మీద ఇనుము. డ్రైవరు సీటులో స్పాంజీ కూడా పీకేసి ఉంది. ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఇదేం పనమ్మా? అదురంతా ఒంట్లోకొస్తుంది. పళ్లు రాలిపోతాయి!"

"రాలనీ. కట్టించుకుంటా."

గొట్టాలు, తీగలు తగిలించి, బోనెట్టు మూసి, ఎక్కి కూర్చుని తాళం తిప్పింది.

గుప్పున నల్లపొగ. అద్దాలు, తలుపులు, బోనెట్టు గజగజలాడాయి. పెద్దమనుషులు చెవులు మూసుకున్నారు. స్టీరింగు ఆమె అరచేతుల్లో, సీటు ఆమె వెన్నుపూసలో దడదడలాడింది. తాళం మీంచి చెయ్యి తీసేసింది. రెండోసారి తిప్పలేదు. అలవాటుగా లేచిన తమ్ముడి చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

ఆమె పగలబడి నవ్వింది.

"ఎక్కరా! పక్క సీటు నీదే."

పెద్దమనుషుల్ని పొగలో నిలబెట్టి బండి గేటు దాటింది.

చెవులు పూర్తిగా పోయాక ఈ రెండేళ్లలో, బండి స్టార్టయిందని ఎవరూ సైగ చేయకుండానే ఆమెకు తెలియడం ఇదే మొదటిసారి.