రెండు ప్రసంగాల మధ్య

సత్రం నడిపే విధవరాలు మెహిటబుల్ ఇక మళ్ళీ పెళ్ళాడదట. పిండిమరవాడి తల్లి చెప్పిందని పడవ నడిపే ఓబెద్‌కి వాళ్ళావిడ చెప్పింది. శనివారం సాయంత్రం ఏరు దాటిస్తూ ఓబెద్ ఆ ముచ్చట ఆసహెల్ చెవిన వేశాడు.

"పిండిమరవాడు అడిగితే కాదంది. పెళ్ళాం పోయిన చర్చిపెద్ద, ఆ డీకన్ అడిగితే ఊహూఁ అంది. మొగుడు సముద్రం పాలై తొమ్మిదేళ్ళయింది, ఇంకా ఆ నల్లబట్టలు విడవలేదంటే చూసుకో! మా ఆవిడైతే నేను చల్లబడేదాకా ఆగుతుందో లేదో."

ఆసహెల్ టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. ఆ మొగుడు తనే.

బోస్టన్ రేవులో రాజుగారి యుద్ధనౌకవాళ్ళు ఓడపనికి బలవంతాన పట్టుకుపోయిన నాటి నుంచి, ఫ్రెంచివాళ్ళ చెరలో మగ్గినన్నాళ్ళూ, ఆమెను తలుచుకునే ఊపిరి నిలుపుకున్నాడు. మశూచి వచ్చి మొహాన్ని జల్లెడ చేసింది. ఒకప్పుడు కలిసి చేపలు పట్టిన ఓబెదే పోల్చుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దుటి ప్రసంగం ముగియగానే ఊరు ఊరంతా చర్చి ఎదుటి సత్రంలోకి ఎగబడింది. చర్చిలో నెగడు వెయ్యరు. మధ్యాహ్నం ప్రసంగందాకా కాళ్ళు కాచుకోవాలంటే మెహిటబుల్ పొయ్యే దిక్కు. ఆసహెల్ కూడా గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చి, ఓ మూల కూర్చున్నాడు. పైన దూలాలు తను చెక్కినవే. తను ఉన్నప్పుడు ఇది ఇల్లు. ఇప్పుడు నిండా బల్లలు, జనం.

మెహిటబుల్ ఎర్రగా కాలిన ఇనపకడ్డీని బెల్లం కలిపిన బీరులో ముంచింది. బుస్సుమని నురగ పొంగి, కాలిన బెల్లం వాసన గదంతా కమ్మింది. చెరలో ఆకలిరోజుల్లో ఆ వాసనే కల్లోకొచ్చేది.

"ఎక్కణ్ణుంచి రాక?" కూజా అతని ముందు పెడుతూ అడిగింది. మొహం వంక చూడలేదు.

"హాలిఫాక్స్."

"ఆదివారం ప్రయాణం చేస్తే కొత్వాలు పట్టుకుంటాడు. ఇవాళ్టికి ఇక్కడే ఉండు."

"కొత్తాయనకి నిండా పోశావే అమ్మాయ్, నాకెప్పుడూ సగం నురగే!" పొయ్యి పక్కన ముసలాయన అరిచాడు.

"నువ్వు నోరు సగం మూసుకో తాతా, నీకూ నిండా పోస్తాను."

అందరూ గొల్లున నవ్వారు. నవ్వుల చాటున డీకన్ దగ్గరికి జరిగాడు. "నా మాట ఏం చేశావు, మెహిటబుల్?"

"నా పెనిమిటి ఇంకా కళ్ళల్లోనే ఉన్నాడు డీకన్ గారూ."

ఆసహెల్ కూజా కింద పెట్టాడు.

గంట మోగింది. ఒక్కొక్కరూ శాలువాలు కప్పుకుని బయటికి నడిచారు. ముసలాయన కర్ర చప్పుడు కూడా దూరమయ్యాక ఆసహెల్ లేచాడు. తొమ్మిదేళ్ళుగా కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, తను పిలిచే ముద్దుపేరొక్కటే మిగిలింది.

"హిట్టీ!"

ఆమె ఉలిక్కిపడలేదు. కడ్డీ పక్కన పెట్టి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది. దగ్గరికొచ్చి, బుగ్గ మీది గుంటలు వేలి కొసలతో తడిమింది. కళ్ళు నిండాయి.

"నువ్వు లోపలికొస్తున్నప్పుడే తెలిసింది. కొత్తవాళ్ళయితే ఆ గుమ్మానికి నెత్తి బొప్పి కట్టించుకుంటారు. ఎంత నొచ్చిందో కదయ్యా నీకు!"

అతను ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"పద, చర్చికి పోదాం. అందరి ముందూ చెబుదాం. పాపం ఆ డీకన్ మొహం చూడాలి! నా కోసమేగా, హిట్టీ, అతన్ని కాదన్నావు?"

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని, నల్ల శాలువా తలమీదికి లాక్కుంది.

"మొగుడున్నదానికి సత్రం లైసెన్సు ఇవ్వరు, ఆసహెల్."