కోసే చెయ్యి

పలాసలో జీడిగింజలు ఒలిచే నూకరత్నానికి గొంతులో గడ్డ నాలుగోసారి పెరిగింది. క్యాన్సర్ కాదు, కానీ ఊపిరికి అడ్డం పడుతోంది. ఇప్పుడు మంగలిషాపుల్లాగే గడ్డలు కాల్చే దుకాణాలూ వీధికి రెండున్నాయి. మొదట లేజర్‌తో కాల్చారు, తర్వాత రేడియో తరంగాలతో, కిందటేడు మైక్రోవేవ్‌తో. ప్రతిసారీ చిక్కిపోయి మళ్లీ పెరిగింది. "ఇంకోసారి కాలిస్తే మాట పడిపోతుంది, కోసి తీయాల్సిందే" అన్నారు ఆ దుకాణం వాళ్లే. ఆస్పత్రుల్లో గొంతు కోసి గడ్డ తీయడం ఆపేసి చాలా కాలమైంది.

వెతగ్గా వెతగ్గా టెక్కలిలో ముసలి సర్జన్ వరహాలరావు దొరికాడు.

"మీరే కోసెయ్యండి బాబూ," అంది రొప్పుతూ.

ఆయన చేతులు ముందుకు చాపాడు. రెండూ వణుకుతున్నాయి.

"కత్తి వదిలి ఇరవై ఏళ్లయిందమ్మా."

"మీ దగ్గర నేర్చుకున్నోళ్లు?"

"వేడితో పోయేదానికి కత్తెందుకని ఎవరూ రాలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పడుకుంటే ఊపిరాడటం లేదు కదూ? దిండ్లు పేర్చుకుని, కూర్చునే నిద్రపో."

"ఎన్నాళ్లు బాబూ?"

ఆయన లేచాడు. లోపలికెళ్లి, తన మంచం మీది దిండు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.