కూలర్ ముందు జాగా

“బావా, జర జరుగుతరా?”

లింగస్వామి కన్ను తెరవలేదు. కూలర్ ముందు కూలబడి గంట కూడా కాలేదు. రెండు రసాలు పిండుకుని, గడ్డపెరుగన్నంలో కొత్త తొక్కు నంజుకుని, ఆవకాయకో ఆవలింత చొప్పున లెక్కగా ఆవలించి, ఇంత కష్టపడి తెచ్చుకున్న నిద్ర అది. బామ్మర్ది ఒక్క ముక్కతో దాన్ని ముక్కలు చేశాడు.

“ఎటు జరగాల్రా నరేష్? ఇటు గోడ, అటు మీ అక్క. రెండూ కదలయి.”

“గోడనన్న అనుండ్రి గని నన్నెందుకంటరు?” అంది కోమల, కదలకుండానే. “పాపం, పిల్లగాడు ఎండలవడి వచ్చిండు. జర గాలి తగలనియ్యుండ్రి.”

ముప్పై ఏళ్లు దాటిన పిల్లగాడు తడి తువ్వాల మెడలో వేసుకుని, తలుపుకూ కూలర్ గాలికీ మధ్యన జానెడు జాగాలో ఒదిగి కూర్చున్నాడు. రోజూ ఇదే వరస. పొద్దున ఐదున్నరకు మందుల ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతాడు. మూడింటికి నిప్పుల మీద కాల్చిన అప్పడంలా తిరిగొస్తాడు. చౌటుప్పల్ మొత్తంలో అతనికి ఈ కూలర్ తప్ప ఇంకో కూలర్ లేనట్టు నేరుగా ఇక్కడికే వస్తాడు!

లింగస్వామి సర్కారు బడిలో సోషల్ సారు. బడి జూన్ పన్నెండుకు తెరుస్తారు. ఇంకా పద్దెనిమిది రోజులే. ఆ పద్దెనిమిదినీ ముంజలు తిన్నట్టు తినాలని అతని పట్టుదల. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, పొట్టు తీసి, నీళ్ల చుక్క కింద పడకుండా. ఊటీకి పోయేవాళ్లు పోనీ, అతనికి తొక్కులో ఊట చాలు. పొద్దున సల్ల కలిపిన అంబలి, పగలు కూలర్, సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లించుకుని నవారు మంచం. ఇంత రాజభోగంలో ఒక్కటే రోగం, నరేష్.

నరేష్ భార్య మమత మీద అతనికి ఏ ఫిర్యాదూ లేదు. అంబలి కాచేది ఆమే, తొక్కు కలిపేది ఆమే, డాబా మీద నీళ్లు చల్లేదీ ఆమే.

“బావా, బడి ఏ తారీఖుకు తెరుస్తరు?” అన్నాడు నరేష్.

“మొన్న అడిగినవ్, నిన్న అడిగినవ్. పన్నెండుకు. ఏంది, ఒకటో తరగతిల చేరుతవా?”

“కాదు బావా, ఎండలు ముదురుతున్నయి గద. సెలవులు గిట్ల పొడిగిస్తరేమోనని.”

“పొడిగిస్తే మంచిదే. నీకేం నొప్పి?”

“ఏం లేదు బావా,” అని నరేష్ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

అతను లేచి అవతలికి పోగానే లింగస్వామి భార్య వైపు తిరిగాడు. “మీ తమ్ముడు కండ్ల ముందర ఉన్నన్ని రోజులు నాకు సెలవుల సుఖం లేదు.”

“మెల్లగనుండ్రి, వింటడు. వాడు మాత్రం ఎక్కడికి పోతడు?”

“అత్తగారింటికి! ఆలంపూర్ల మామ ఉండె, అత్త ఉండె, తుంగభద్ర గాలి ఉండె. పెండ్లయి నాలుగేండ్లాయె. అల్లుడన్నంక ఎండాకాలం అత్తగారింట్ల ఉండకపోతే వాళ్ల పరువేంగావాలె?”

“మీరే చెప్పుండ్రి మరి. మీ నోట్లె సోషల్ ఉంది.”

చెప్పాడు. రాత్రి అన్నాల దగ్గర, మమత వడ్డిస్తుండగా, పాఠం మొదలుపెట్టాడు. నరేష్ ఇంకో చెంచా తొక్కు వేసుకుంటుంటే కడుపులో లేచిన కోపాన్ని తొక్కిపెట్టి మరీ చెప్పాడు.

“అల్లుడంటే ఎట్లుండాలె నరేష్?”

“ఎట్లుండాలె బావా?”

“మొహమాటం ఉండొద్దు. మంచం అడగొద్దు, వాల్చుకోవాలె. కూలర్ అడగొద్దు, తిప్పుకోవాలె.”

“వాళ్లకు తకలీఫ్ అయితది గద?”

“అల్లుడొస్తే సంబురపడ్తరు. పడకపోతే పడ్డట్టు చేస్తరు. పొమ్మని మాత్రం ఎవ్వరనరు. అనే రివాజే లేదు మన దిక్కు!”

నరేష్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. మమత వైపు చూశాడు. మమత గరిటె వైపు చూసింది.

“ఎవ్వరనరు,” అన్నాడు నరేష్, పాఠం అప్పజెప్పినట్టు. “నిజమే బావా. గిన్ని రోజులు నాకు సమజ్ కాలే.”

ఆదివారం పొద్దున వాకిట్లో ఆటో ఆగింది. నరేష్ రెండు సంచులు మోసుకొచ్చాడు. మమత కోమల చెవిలో ఏవేవో చెప్తోంది, కోమల కండ్లు తుడుచుకుంటూ తల ఊపుతోంది.

“ఎన్ని రోజులు?” అడిగాడు లింగస్వామి, గుండె చిక్కబట్టుకుని.

“పన్నెండో తారీఖు దాంక లీవ్ పెట్టిన బావా. మీరు చెప్పినట్టే ఆలంపూర్‌కు పోతున్నం.”

లింగస్వామి ఛాతీ రెండంగుళాలు పొంగింది. పాతికేళ్ల సర్వీసులో తను చెప్పిన పాఠం ఒక బుర్రలోకి పూర్తిగా దిగడం ఇదే మొదటిసారి! వెనక గదిలో కూలర్ తన ఒక్కడి కోసం గుర్రుమంటోంది. ఆ సంతోషంలో చేయి ధారాళమై, బుట్టలోంచి నాలుగు రసాలు ఏరి మమత సంచిలో వేశాడు. ఆలోచించి ఒకటి వెనక్కి తీసుకున్నాడు.

“నిమ్మలంగ ఉండుండ్రి,” అన్నాడు ఆటో దాకా వచ్చి. “తొందరపడి రాకుండ్రి. ఇక్కడి ఫికర్ పెట్టుకోకుండ్రి.”

ఆటో కదిలింది. నరేష్ తల బయటికి పెట్టి, వినయంగా చేతులు జోడించాడు.

“మీరు పోయినంక ఫోన్ చేయుండ్రి బావా, మేం మా ఇంటికొస్తం.”