పచ్చళ్ల పేజీలో కళావతి

“ఈ కళావతి మీ మనిషేనా? కామెంటుకి ఎంతిస్తున్నారేంటి?”

ఫేస్‌బుక్‌లో ‘మా జాడీ’ పేజీ కింద ఎవరో మహానుభావుడు రాసిన మాట అది.

చూడగానే ప్రణీతకు ఒళ్లు మండిపోయింది.

‘మా జాడీ’ ఆమె పచ్చళ్ల వ్యాపారం. భర్త అభిజిత్ పొద్దున్నే లండన్ రైలెక్కితే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరడు. లండన్ పక్కన స్లౌ అనే ఊళ్లో ఆ ఫ్లాటూ, కిటికీ అవతల వానా, మధ్యలో ఆమే. ఉద్యోగం కోసం తిరిగి తిరిగి విసిగిపోయి, అక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుని, వంటింట్లోనే పచ్చళ్లు పెట్టడం మొదలెట్టింది.

మన దగ్గర పచ్చడి అమ్మాలంటే రుచి ఉంటే చాలు. ఇక్కడ ముందు ఫొటో ఉండాలి, పోస్టు ఉండాలి, ఆ పైన లైకులుండాలి.

ఆ లైకుల్లో మొదటిది ఎప్పుడూ కళావతిదే.

ఉండేది లండన్ శివారు హౌన్‌స్లోలో. ప్రొఫైల్లో మనిషి బొమ్మ లేదు, మందార పువ్వు మాత్రం ఉంది.

గోంగూర మరీ పుల్లగా ఉందని ఎవరైనా రాస్తే, ప్రణీత కన్నా ముందు ఆవిడే అందుకునేది.

“గోంగూర పుల్లగా కాక తియ్యగా ఉంటుందా నాయనా? వేడన్నంలో కలిపి ఉల్లిపాయ నంజుకో. ఆ తర్వాత చెప్పు.”

జనం ఆ మాటలకే పడిపోయేవాళ్లు. ఆంటీ చెప్పిందిగా అంటూ ఆర్డర్లు పెట్టేవాళ్లు.

రోజూ మధ్యాహ్నం ప్రణీతకూ ఒక మెసేజ్ వచ్చేది.

“తిన్నావా తల్లీ?”

ఆ దేశంలో ఆమెను ఆ మాట అడిగేది ఆవిడొక్కతే. అభిజిత్ అడిగేది “ఏం వండినవ్?” అని.

ఆ సాయంత్రం అభిజిత్ కూడా ఆ కామెంట్ చూశాడు.

“అసలెవరీమె?”

“తెల్వదు. మంచామె.”

“ఎన్నిసార్లు ఆర్డర్ పెట్టింది?”

ప్రణీత వెతికింది. ఒక్కసారి కూడా పెట్టలేదు.

“ఒక్క సీసా కొనలే. అద్భుతమని మాత్రం రాస్తది! ఫేక్ ఐడీ. మనమే పైసలిచ్చి రాయించుకుంటున్నమని నలుగురూ అనుకోవాలని ఎవడో పెట్టిండు.”

“గట్లనకు. నాతోని మంచిగ మాట్లాడుతది.”

“మాట్లాడుతదా, రాస్తదా? ఒక్కసారి ఫోన్ చేసి చూడు.”

ప్రణీత మెసెంజర్‌లో ఫోన్ చేసింది. మోగీ మోగగానే కట్టయింది. ఆ వెంటనే మెసేజ్ వచ్చింది.

“ఫోన్ వద్దు తల్లీ. ఇలాగే రాసుకుందాం.”

“చూసినవా? ఆడో మగో కూడ తెల్వదు!” అన్నాడు అభిజిత్.

ప్రణీతకు అడగడం ఇష్టం లేదు. అయినా అడిగేసింది.

“ఆంటీ, మీరు మా పచ్చడి ఎప్పుడూ తినలేదు కదా. బాగుందని ఎట్ల రాస్తున్నరు?”

జవాబు వచ్చింది.

“నువ్వు పెట్టే తీరు చూస్తే తెలీదా తల్లీ? ఫొటో చూస్తేనే నోరూరుతుంది.”

“ఇగ చాలు, తీసెయ్,” అన్నాడు అభిజిత్. “దీపావళి ఆర్డర్లున్నయి. ఒక్కసారి పేరు పోతే మళ్ల రాదు.”

ప్రణీతకు చెయ్యి రాలేదు. కానీ ఆ పేజీ కూడా పోతే ఆమెకంటూ ఇంకేం మిగలదు. పేజీలోనూ, మెసెంజర్‌లోనూ కళావతిని బ్లాక్ చేసేసింది.

పేజీ శుభ్రంగా తయారైంది. ‘ధరెంత?’, ‘డెలివరీ ఫ్రీయేనా?’ అవే కామెంట్లు. మధ్యాహ్నం అన్నం కలుపుకుని ఫోన్ వంక చూసేది ప్రణీత. ముద్ద దిగేది కాదు. ముఖమైనా తెలియని మనిషి కోసం ఇంత బెంగేమిటని తనను తానే తిట్టుకుంది.

క్రిస్మస్ ముందు, ఇక ఉండబట్టలేక బ్లాక్ తీసేసింది.

“ఆంటీ, ఎట్లున్నరు? నా మీద కోపమొచ్చిందా?”

జవాబు లేదు.

జనవరిలో ఒకరోజు, కేరర్ యూనిఫాం మీద కోటు వేసుకున్న అమ్మాయి తలుపు తట్టింది.

“ప్రణీతగారేనా అండీ? నా పేరు షెరిన్. మీ పేజీలో అడ్రసు చూసి వచ్చాను, గోంగూర సీసా కావాలండీ. కళావతి ఆంటీ కొనుక్కోమని ఎప్పుడూ పోరు పెట్టేవారు. ఆవిడను చూసుకోవడానికి ఇంటికి కేరర్‌గా వెళ్లేదాన్ని.”

ప్రణీత ముఖం వెలిగిపోయింది. అంతలోనే ఆగింది.

“వెళ్లేదాన్నంటే?”

“ఆంటీ పోయి నెల దాటిందండీ.”

ప్రణీత తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“చివర్లో మీ గురించే బెంగ. కామెంట్ రాస్తే వెళ్లేది కాదు. ట్యాబ్ పాడైందనుకుని నేను వెళ్లగానే నా చేతిలో పెట్టేవారు, బాగుచేయమని. నాకేం తెలుసు? ఆపి, మళ్లీ ఆన్ చేసి ఇచ్చేదాన్ని.”

“ట్యాబ్ పాడవలేదు,” ప్రణీతకు ఏడుపు ఆగలేదు. “నేనే బ్లాక్ చేసిన. ఫేక్ అనుకున్న షెరిన్! ఒక్క సీసా కొనలే, ఫోన్ చేస్తే ఎత్తలే. ఎట్ల నమ్మాలె?”

 షెరిన్ మెల్లగా అంది.

“గొంతు కాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక ఆంటీకి ముద్ద దిగేది కాదు, మాట వచ్చేది కాదండీ. ఆకలికైతే పొట్టలో ట్యూబ్ పెట్టారు, మాటకి మాత్రం ఆవిడకున్నది మీ పేజీ ఒక్కటే.”